ఆఫ్రికా సఫారీకి ఫోన్ రెడీ చేయడం ఎలా? బయలుదేరే ముందు 12 రోజుల ప్లాన్, నవీపేట్ మేకల సంతలో ఒక రిహార్సల్

మూడేళ్ల క్రితం తిప్పేశ్వర్‌లో నాకు పులి కనపడింది. మన ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రలోకి వెళ్తే యవత్మాల్ జిల్లాలో వచ్చే అభయారణ్యం అది. పొదల చాటున చారలు కదులుతుంటే ఫోన్ తీసి వీడియో బటన్ నొక్కాను. పదకొండు సెకన్లు రికార్డ్ అయ్యాక 'స్టోరేజ్ ఫుల్' అని వచ్చి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే పులి పొదల్లోంచి బయటికి వచ్చి, మా జిప్సీ ముందు నుంచి తాపీగా దారి దాటింది. ఆ టైంలో నేను వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ ఫొటోలు డిలీట్ చేస్తూ ఉన్నా. నా దగ్గర మిగిలింది పదకొండు సెకన్ల పొదల వీడియో.

ఇప్పుడు అసలు ట్రిప్ వచ్చింది. ఇంకో 12 రోజుల్లో ముగ్గురు ఫ్రెండ్స్‌మి కెన్యాలోని మసాయి మారాకి వెళ్తున్నాం. బీటెక్ సెకండ్ ఇయర్ హాస్టల్‌లో అనుకున్న ప్లాన్, ఒకసారి టికెట్లు బుక్ చేసి క్యాన్సిల్ కూడా చేశాం. రెండేళ్లుగా ఆర్‌డీ కట్టి దాచిన డబ్బులతో వెళ్తున్నాం కాబట్టి మళ్లీ ఎప్పుడు కుదురుతుందో తెలియదు. అందుకే ఈసారి ఫోన్, పవర్ బ్యాంక్, సిమ్ అన్నీ ముందే పరీక్షించి, ఏది ఎక్కడ ఫెయిల్ అయిందో ఇక్కడ రాస్తున్నా. మీరు ఏ దేశం వెళ్లినా ఇందులో సగం పనికొస్తుంది.

ఒక విషయం ముందే చెప్పాలి. 'ఆఫ్రికాకి వేటకి పోతున్నాడు' అని మా ఊళ్లో ఎవరో అనేసరికి ఇంట్లో ఫోన్ల మీద ఫోన్లు. మన దేశంలో వేట మీద 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కెన్యాలో కూడా 1977 నుంచి వేట నిషేధం. దక్షిణాఫ్రికా, నమీబియా లాంటి దేశాల్లో లైసెన్సు మీద వేట ఉంది కానీ, కెన్యాకి వెళ్లే టూరిస్ట్ వేటంతా కెమెరాతోనే. అయితే ప్రిపరేషన్ మాత్రం వేటకి వెళ్లేవాళ్లు చేసుకున్నట్టే ఉండాలి. జంతువు మనకోసం రెండోసారి రాదు.

12 రోజుల ముందు: గ్యాడ్జెట్ కంటే ముందు సూది

గ్యాడ్జెట్ సైట్‌లో టీకా గురించి ఎందుకు అంటారేమో. ఇది మిస్ అయితే మిగతా లిస్ట్ అంతా వేస్ట్.

ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల లిస్ట్‌లో కెన్యా ఉంది. అక్కడి నుంచి ఇండియాకి తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. అంటే సర్టిఫికెట్ వెళ్లేటప్పుడు కంటే వచ్చేటప్పుడు ఎక్కువ అవసరం. చాలామందికి ఇదే తెలియదు. ఆ సర్టిఫికెట్ టీకా వేసుకున్న పదో రోజు నుంచి చెల్లుబాటు అవుతుంది, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. ఈ టీకా అన్ని ఆసుపత్రుల్లో వేయరు, గుర్తింపు ఉన్న సెంటర్లలోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పసుపు రంగు కార్డు ఇస్తారు, దాన్ని పాస్‌పోర్ట్‌తో పాటే పెట్టుకోండి.

రెండోది ఈ-టీఏ. 2024 జనవరి నుంచి కెన్యా వీసా పద్ధతి తీసేసి ఆన్‌లైన్ ముందస్తు అనుమతి పెట్టింది. ప్రభుత్వ సైట్‌లోనే అప్లై చేయండి. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ప్రైవేట్ సైట్లు సర్వీస్ చార్జి పేరుతో ఎక్కువ తీసుకుంటాయి. అప్రూవల్ పీడీఎఫ్‌ని మెయిల్‌లో వదిలేయకుండా ఫోన్ ఫైల్స్‌లో సేవ్ చేసుకోండి, ఒక ప్రింట్ కూడా తీయండి.

8 రోజుల ముందు: సిమ్, ఓటీపీ, డబ్బులు

ఇండియా సిమ్ తీయొద్దు. మన యూపీఐ యాప్‌లు, చాలా బ్యాంకు యాప్‌లు సిమ్‌తో ముడిపడి ఉంటాయి. అక్కడి సిమ్ వేయడానికి మన సిమ్ తీసేస్తే యాప్ మళ్లీ రిజిస్ట్రేషన్ అడగొచ్చు. అందుకు వెళ్లే ఎస్‌ఎంఎస్ విదేశం నుంచి పోకపోతే అక్కడే ఇరుక్కుంటాం. మన సిమ్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ యాక్టివేట్ చేసి, డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌లో పెట్టండి. రోమింగ్‌లో సాధారణంగా ఇన్‌కమింగ్ ఎస్‌ఎంఎస్‌లు ఫ్రీనే, ఓటీపీలు వస్తాయి. డేటా ఆన్‌లో మర్చిపోతే మాత్రం బిల్లు చూసి బీపీ పెరుగుతది.

నెట్ కోసం ఈ-సిమ్. మీ ఫోన్‌లో ఈ-సిమ్ ఉందో లేదో తెలియాలంటే *#06# డయల్ చేయండి. ఐఎంఈఐ నంబర్లతో పాటు 'ఈఐడీ' అని ఒక పెద్ద నంబర్ కనపడితే ఉన్నట్టే. ట్రావెల్ ఈ-సిమ్‌ని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఇన్‌స్టాల్ చేయాలి, దానికి నెట్ కావాలి. అందుకే ఇంట్లో వైఫై మీద ఉన్నప్పుడే చేసేయండి. అయితే వ్యాలిడిటీ ఎప్పటి నుంచి మొదలవుతుందో ముందు చదవండి. కొన్ని ప్లాన్లకి అక్కడి నెట్‌వర్క్ పట్టుకున్నాక మొదలవుతుంది, కొన్నిటికి ఇన్‌స్టాల్ చేసిన నిమిషం నుంచే.

కార్డుని ఆన్ చేయండి. 2020లో వచ్చిన ఆర్‌బీఐ రూల్ ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులకి విదేశీ లావాదేవీలు డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటాయి. బ్యాంకు యాప్‌లో కార్డ్ కంట్రోల్స్‌కి వెళ్లి ఇంటర్నేషనల్ ఆప్షన్ ఆన్ చేసి, లిమిట్ పెట్టుకోవాలి. నేను నాలుగేళ్లుగా ఆ కార్డు వాడుతున్నా, ఒక్కసారి కూడా అది చూడలేదు. ఆఫ్‌లోనే ఉంది.

కెన్యాలో మన యూపీఐ లాంటిది ఎం-పెసా. సఫారీకామ్ కంపెనీ 2007లోనే మొదలుపెట్టింది, అంటే మన యూపీఐ కంటే తొమ్మిదేళ్ల ముందు. చిన్న కొట్లలో కూడా నడుస్తుంది కానీ దానికి అక్కడి సిమ్ తీసుకుని పాస్‌పోర్ట్‌తో రిజిస్టర్ చేసుకోవాలి. వారం రోజుల ట్రిప్‌కి రెండు వేర్వేరు కార్డులు, కొంచెం నగదు చాలని మేం అనుకున్నాం. రెండు కార్డులూ ఒకే పర్సులో పెట్టొద్దు.

6 రోజుల ముందు: స్టోరేజ్ లెక్క

నా పులి పోయింది ఇక్కడే కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్తాను.

కొత్త హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లో 4కె వీడియో సెకనుకి 30 ఫ్రేమ్స్‌తో తీస్తే నిమిషానికి సుమారు 170 ఎంబీ అవుతుంది. 60 ఫ్రేమ్స్‌తో అయితే సుమారు 400 ఎంబీ. ఫోన్‌ని బట్టి కొంచెం అటూఇటూ ఉంటుంది. సఫారీలో రోజుకి 40 నిమిషాల వీడియో తీస్తామనుకుందాం. మూడు రోజులకి 120 నిమిషాలు.

- 30 ఫ్రేమ్స్: సుమారు 20 జీబీ
- 60 ఫ్రేమ్స్: సుమారు 48 జీబీ
- ఫొటోలు 3,000, ఒక్కోటి 5 ఎంబీ చొప్పున: 15 జీబీ

అంటే కనీసం 35 జీబీ, ఎక్కువైతే 63 జీబీ ఖాళీ ఉండాలి. నా 128 జీబీ ఫోన్‌లో ఆ రోజు ఖాళీ ఉన్నది 19 జీబీ. అందుకే మామూలు సీన్లన్నీ 30 ఫ్రేమ్స్‌లో, పరుగెత్తే జంతువులు మాత్రమే 60లో అని ఫిక్స్ అయ్యాను. పాత ఫొటోలని కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ఫోన్‌లో 70 జీబీ ఖాళీ చేశాను. 'క్లౌడ్‌లో బ్యాకప్ అవుతుందిలే' అని నమ్ముకోవద్దు. మారాలో కొన్ని చోట్ల సిగ్నల్ ఉంటుంది, కొన్ని చోట్ల ఉండదు. క్యాంపు వైఫై మీద 20 జీబీ అప్‌లోడ్ అయ్యే పని కాదు.

బ్యాకప్‌కి చిన్న పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ తీసుకెళ్తున్నాం. ఇందులో రెండు విషయాలు చూసుకోవాలి.

మొదటిది ఫార్మాట్. ఎఫ్‌ఏటీ32లో ఉన్న డ్రైవ్‌లోకి 4 జీబీ దాటిన ఫైల్ వెళ్లదు. 60 ఫ్రేమ్స్‌లో పది నిమిషాల వీడియో అంటే దగ్గర దగ్గర అంతే. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి, మీ ఫోన్ దాన్ని చదువుతుందో లేదో ఇంట్లోనే చూడండి.

రెండోది స్పీడ్. చాలా మిడ్‌రేంజ్ ఫోన్లలో పోర్టు టైప్-సి షేప్‌లో ఉన్నా లోపల యూఎస్‌బీ 2.0నే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ ఎంత ఫాస్ట్ అయినా సెకనుకి 30 నుంచి 40 ఎంబీ మించి రాదు. 20 జీబీ కాపీకి పది నిమిషాలు పడుతుంది. అంత టైం పడుతుందని ముందే తెలిస్తే, రాత్రి నిద్రమత్తులో మధ్యలో కేబుల్ పీకేయం.

5 రోజుల ముందు: పవర్

విమానంలో పవర్ బ్యాంక్ ఎప్పుడూ క్యాబిన్ బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు. 100 వాట్-అవర్ వరకు మామూలుగా అనుమతి ఉంటుంది. 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి. లెక్క సింపుల్: ఎంఏహెచ్‌ని 1000తో భాగించి 3.7తో గుణించండి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్, ఓకే. 30,000 అంటే 111, అది ఇబ్బంది. పవర్ బ్యాంక్ మీద రాసిన కెపాసిటీ అరిగిపోయి కనపడకపోతే సెక్యూరిటీ దగ్గర పక్కన పెట్టేయొచ్చు. విమానంలో దాన్ని వాడనివ్వని ఎయిర్‌లైన్స్ కూడా ఉన్నాయి, ముందే చూసుకోండి.

ఇంకో మోసం లాంటి నిజం. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌తో 5,000 ఎంఏహెచ్ ఫోన్ నాలుగు సార్లు ఎక్కాలి కదా? ఎక్కదు. ఆ 20,000 అనేది లోపలి సెల్స్‌ది, 3.7 వోల్టుల దగ్గర కొలిచింది. ఫోన్‌కి ఇచ్చేటప్పుడు వోల్టేజి పెంచాలి, మధ్యలో కొంత వేడిగా పోతుంది. నేను కొలిచి చూస్తే రెండున్నర సార్లు ఎక్కింది. బాక్స్ మీద చిన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని ఉండేదే అసలు లెక్క.

మారాలో చాలా టెంట్ క్యాంపులు సోలార్ మీద, జనరేటర్ మీద నడుస్తాయి, కరెంటు కొన్ని గంటలే ఇచ్చే చోట్లు ఉంటాయి. అందుకే ముగ్గురికి ఒక మల్టీ-పోర్ట్ చార్జర్ పెట్టుకున్నాం.

ప్లగ్ విషయానికి వస్తే కెన్యాలో మూడు చదరపు పిన్నుల టైప్-జి సాకెట్. వోల్టేజి 240, మనది 230, కాబట్టి కన్వర్టర్ అక్కర్లేదు, అడాప్టర్ చాలు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టబోతుంటే అమ్మ గుర్తు చేసింది: "మీ బావ దుబాయ్ నుంచి తెచ్చిన చార్జర్‌కి ఉన్నది గదే పిన్ను కదరా?" నిజమే. దుబాయ్, ఖతార్, ఒమన్‌లో కూడా టైప్-జినే. మా నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్ వెళ్లొచ్చినోళ్లు లేని ఊరు లేదు. కొనే ముందు ఇంట్లో అటక మీద సూట్‌కేసు ఒకసారి చూడండి.

4 రోజుల ముందు: మేకల సంతలో రిహార్సల్

ఇక అసలు పరీక్ష. పొద్దున ఐదున్నరకి ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాను. సాయంత్రం ఆరున్నర వరకు తీయొద్దని రూల్. ఆ రోజంతా సఫారీలో ఏం చేస్తానో అదే ఇక్కడ చేయాలి.

ప్రాక్టీసుకి జంతువులు కావాలి. నవీపేట్ వాళ్లకి ఆ కొరత లేదు. మా మేకల సంతకి చుట్టుపక్కల ఊళ్ల నుంచే కాదు, మహారాష్ట్ర నుంచి కూడా మనుషులు వస్తారు. దుమ్ము, గుంపులు, అడ్డం వచ్చే మనుషులు, తాడు తెంపుకుని పరుగెత్తే పోతులు. మారాలో గ్నూల గుంపు నది దాటేటప్పుడు ఉండే గందరగోళానికి ఇంతకంటే దగ్గరి సెట్ దొరకదు.

ఏం తెలిసిందంటే:

1. ఆటో మోడ్‌లో కాళ్లు మాయం. తెల్లవారుజామున వెలుతురు తక్కువ, ఫోన్ షట్టర్‌ని నెమ్మది చేస్తుంది. పరుగెత్తే మేక కాళ్లు పొగలా వచ్చాయి. ప్రో మోడ్‌లో షట్టర్ 1/1000 పెడితే కాళ్లు నిలబడ్డాయి, కానీ ఆరున్నరకి ఫొటో మరీ చీకటిగా ఉంది. 1/500కి దించితే బాగుంది. ఎండ వచ్చాక మళ్లీ 1/1000.

2. జూమ్ నిజమా, ఉత్తిదా? చాలా ఫోన్లు వెలుతురు తగ్గితే టెలిఫొటో లెన్స్ వాడకుండా మెయిన్ కెమెరా ఫొటోనే కత్తిరించి చూపిస్తాయి. చెక్ చేయడానికి జూమ్ పెట్టి టెలిఫొటో లెన్స్‌ని వేలితో మూయండి. స్క్రీన్ నల్లగా మారకపోతే ఆ లెన్స్ పని చేయట్లేదన్నమాట. నా ఫోన్ ఏడు గంటల వరకు మెయిన్ కెమెరాతోనే నడిపించింది. ఇక 10ఎక్స్ దాటితే మేక బొచ్చు నీళ్ల రంగులతో పెయింట్ చేసినట్టు వచ్చింది. మాకు ఇక్కడే అర్థమైంది, దూరం షాట్లకి ఫోన్ సరిపోదని. ఒక కెమెరా, 100-400 లెన్స్ అద్దెకి తీసుకోవాలని ఆ రోజే డిసైడ్ అయ్యాం.

3. చెయ్యి వణుకుతుంది. సఫారీ బండి పైకప్పు తెరిచి నిలబడి తీయాలి, అక్కడ ట్రైపాడ్ పట్టదు. దీనికి పాత పద్ధతి బీన్ బ్యాగ్. అమ్మ పాత జీన్స్ ప్యాంటు కాలుతో సంచి కుట్టింది, నాన్న అందులో మక్కలు పోశాడు. ఆటో పైకప్పు మీద పెట్టి దాని మీద ఫోన్ ఆనిస్తే రాయిలా నిలబడింది. ఇంజిన్ నడుస్తుంటే మాత్రం బండి వణుకు ఫొటోలోకి వస్తుంది, డ్రైవర్‌ని ఆపమని అడగాలి. విదేశాలకి గింజలు తీసుకెళ్తే క్వారంటైన్ రూల్స్ అడ్డం వస్తాయి. కాబట్టి ఖాళీ సంచి తీసుకెళ్లి అక్కడ బియ్యమో, బీన్సో కొని నింపుకోవడమే.

4. మ్యాప్ తెరుచుకోలేదు. ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేశాననే అనుకున్నా. చూస్తే నైరోబీ సిటీ ఒక్కటే ఉంది. నరోక్ టౌన్ నుంచి మారా వరకు అంతా ఖాళీ. మ్యాప్ సెలెక్ట్ చేసేటప్పుడు ఆ చతురస్రాన్ని లాగి పెద్దది చేయాలి, నేను చేయలేదు.

5. టికెట్ తెరుచుకోలేదు. ఎయిర్‌లైన్ యాప్ నెట్ లేకుండా లాగిన్ స్క్రీన్ దగ్గరే ఆగిపోయింది. ఇన్సూరెన్స్ యాప్ కూడా అంతే. ఇప్పుడు పాస్‌పోర్ట్, ఈ-టీఏ, టికెట్లు, ఇన్సూరెన్స్, క్యాంపు బుకింగ్ అన్నీ పీడీఎఫ్‌లుగా ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి, ముగ్గురి ఫోన్లలోనూ.

6. పక్షుల యాప్ పని చేసింది. కార్నెల్ ల్యాబ్ వాళ్ల మెర్లిన్ యాప్ ఫ్రీ. ప్రాంతాల వారీగా ప్యాక్ డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా కూడా పక్షిని గుర్తుపడుతుంది. తూర్పు ఆఫ్రికా వైపు వెళ్లే ముందు అక్కడి ప్యాక్ వేసుకోండి.

7. బ్యాటరీ. మధ్యాహ్నం రెండుకే 15 శాతం. ఎండలో బ్రైట్‌నెస్ ఫుల్, వీడియో, జూమ్. ఇంట్లో రోజంతా వచ్చే బ్యాటరీ సఫారీలో సగం రోజే అని లెక్కేసుకోండి.

సాయంత్రం ఫొటోలు చూపిస్తుంటే నాన్న అన్నాడు: "మేకల ఫొటోలకి గింత కష్టపడ్డవ్, గాడ సింహం ఆగి నిలబడ్తదా?" నిలబడదు. అందుకే కదా ఈ కష్టం.

తీసుకెళ్లకూడనివి

- డ్రోన్: కెన్యాలో డ్రోన్‌కి అక్కడి విమానయాన సంస్థ అనుమతి కావాలి. జాతీయ పార్కుల్లో ప్రత్యేక అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ఇంట్లోనే వదిలేయండి.
- శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసెంజర్: సిగ్నల్ లేని చోటికి వెళ్తున్నాం కదా అని సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఉన్నారు. ఇండియాలో టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇవి దగ్గర ఉంచుకుంటే నేరం. ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు.
- ప్లాస్టిక్ కవర్లు: కెన్యా 2017లో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధించింది. అమ్మ సకినాలు, మామిడికాయ తొక్కు నాలుగు కవర్లలో చుట్టి పెట్టింది. అన్నీ విప్పి స్టీల్ డబ్బాల్లోకి మార్చాం. కేబుల్స్ కూడా గుడ్డ సంచుల్లోనే.

ఖరీదైన కెమెరా తీసుకెళ్తుంటే వెళ్లేటప్పుడే మన కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు విదేశంలో కొన్నారా అనే ప్రశ్న రాదు.

ముందు రోజు రాత్రి చెక్‌లిస్ట్

- ఎల్లో ఫీవర్ కార్డు, పాస్‌పోర్ట్, ఈ-టీఏ ప్రింట్
- ఇండియా సిమ్: రోమింగ్ ఆన్, డేటా రోమింగ్ ఆఫ్
- రెండు కార్డులు: ఇంటర్నేషనల్ ఆన్, లిమిట్ సెట్
- ఐఎంఈఐ నంబర్ కాగితం మీద రాసి ఇంట్లో ఒకటి, బ్యాగులో ఒకటి
- ఫోన్ పోతే వెతికే ఫీచర్ ఆన్, ఇంట్లోవాళ్లకి వాడడం నేర్పడం
- ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆఫ్. ట్రిప్ మధ్యలో ఫోన్ సాఫ్ట్‌వేర్ మార్చొద్దు
- కెమెరా గడియారం, ఫోన్ గడియారం ఒకటే టైం. కెన్యా మనకంటే రెండున్నర గంటలు వెనక. రెండూ కలవకపోతే వచ్చాక ఫొటోలు వరసలో పెట్టడం నరకం
- ఫ్లాష్ ఆఫ్, షట్టర్ సౌండ్ ఆఫ్
- మెత్తటి గుడ్డ రెండు. మారా దుమ్ముకి లెన్స్ గంటకోసారి తుడవాలి

ఒక్కటే చెప్పాలంటే ఆ ఏరోప్లేన్ మోడ్ రోజు మాత్రం వదలొద్దు. లిస్ట్ రాసుకున్నప్పుడు నాకు అన్నీ రెడీ అనిపించింది. సంతలో ఒక్క రోజు తిరిగేసరికి మ్యాప్, టికెట్లు, జూమ్, బ్యాటరీ, నాలుగూ దొరికిపోయాయి. అవే మారా నది ఒడ్డున దొరికి ఉంటే చేసేదేమీ ఉండదు.

నిన్న రాత్రి ఫోన్‌లో చివరిసారి ఖాళీ చేస్తుంటే తిప్పేశ్వర్ పొదల వీడియో కనపడింది. మూడేళ్లుగా డిలీట్ చేయలేదు. దాన్ని కూడా కంప్యూటర్‌లోకి కాపీ చేసి ఫోన్‌లోంచి తీసేశాను. 73 ఎంబీ ఖాళీ అయింది.